జహెసిమ్ చాపిన చేతులు

మా ధ్యాన మందిరం మూడో అంతస్తులో ఉంది. కింద పంది మాంసం కాల్చే హోటలు, మధ్యలో పళ్ళ డాక్టరు. సాయంత్రం మేము మంత్రాలు మొదలుపెట్టే వేళకి మాంసం పొగ మెట్లెక్కి మా దగ్గరికి వచ్చేస్తుంది. మా భిక్షుణిని అందరం సునిమ్ అని పిలుస్తాం. ఆవిడ ఆ పొగకి ఎన్నడూ విసుక్కోలేదు. "వాసన చూస్తే వ్రతం చెడదు, కానివ్వండి" అనేవారు.

హేరన్ మొదటిసారి వచ్చినప్పుడు చలి ఇంకా పూర్తిగా పోలేదు. బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక గుమ్మంలోనే నిలబడింది. యాభై దాటిన మనిషి, గట్టి భుజాలు, జుట్టు నున్నగా వెనక్కి దువ్వి ఉంది. బజారులో పరుపులూ పట్టు దుప్పట్లూ కుట్టే కొట్టు ఆమెదేనని నాకు తెలుసు. నా బ్యూటీ పార్లరు ఆ సందు మొదట్లోనే. కానీ అంతవరకూ ఒకరితో ఒకరం మాట్లాడుకున్నది లేదు.

"ఆ అరలో పెట్టెయ్యమ్మా, ఎవరూ ఎత్తుకుపోరు. మా బూట్లకంటే నీవే బాగున్నాయి" అంటూ వంటగదిలోంచి జహెసిమ్ అక్క వచ్చింది.

జహెసిమ్ అసలు పేరు ప్యో మల్సున్. దీక్ష తీసుకున్నప్పుడు సునిమ్ పెట్టిన పేరు జహెసిమ్. కరుణా, వివేకమూ నిండిన మనసు అని దాని అర్థం. అరవై దాటినా, ఒక మోకాలు పట్టేసినా, మా వంటగది మొత్తం ఆమె చేతి మీదే నడిచేది. కొత్తవాళ్ళు వస్తే ఆమెకి పండగ. టీ పోసి, బియ్యప్పిండి బిళ్ళలు పెట్టి, వాళ్ళ పుట్టుపూర్వోత్తరాలు రాబట్టే దాకా వదిలేది కాదు.

"మా గురించి నీకెవరు చెప్పారు?" అని అడిగింది.

"కూడలిలో బ్యానరు కట్టారు కదా. ముసలివాళ్ళకి భోజనాలు పెడుతున్న ఫొటో. అందులో మీరున్నారు."

"అయ్యో, అదా! గుమ్మడికాయకి కళ్ళజోడు పెట్టినట్టు పడ్డాను అందులో."

మేమంతా నవ్వాం. హేరన్ కూడా నవ్వింది. ఆ నవ్వు వెనక ఏముందో చూసే తెలివి మాకెవరికీ లేదు.

టీ అయ్యాక జహెసిమ్ ఆమెని బుద్ధుడి ముందుకి తీసుకెళ్ళి మొక్కడం నేర్పింది. మోకాళ్ళు ఆన్చాలి, నుదురు నేలకి తాకించాలి, అరచేతులు పైకి తిప్పి చెవుల దాకా ఎత్తాలి. కొత్తవాళ్ళకి చేతులు తిప్పడం దగ్గర తడబాటు వస్తుంది. జహెసిమ్ వంగి, హేరన్ రెండు మణికట్లూ పట్టుకుని తిప్పి చూపించింది. హేరన్ లేచేసరికి మొహంలో చుక్క రక్తం లేదు.

"చేతులు మంచుముక్కల్లా ఉన్నాయే. నెత్తురు తక్కువేమో. మేడిపళ్ళ రసం తాగు" అంది జహెసిమ్.

"తాగుతాను అక్కా" అంది హేరన్.

ఆ మణికట్ల సంగతి చాలా రోజుల తర్వాత, నా పార్లరులో తలకి రంగు వేయించుకుంటూ తనే చెప్పింది. అప్పటికి అంతా అయిపోయింది.

హేరన్ తల్లికి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోతే, ఊరి చివర కొండ పక్కనున్న ఒక వృద్ధాశ్రమంలో పెట్టారు. ఆవిడ కూడా పరుపులు కుట్టిన మనిషే. జబ్బు పడ్డాక కూడా కుడిచెయ్యి ఊరుకునేది కాదు. దుప్పటి అంచు లాగేది, గుండీలు విప్పేది, తిండి కోసం ముక్కులోంచి వేసిన గొట్టాన్ని పీకేది. అందుకని ఆ వార్డు పెద్ద ఆయా ఆ చేతిని నూలు పట్టీతో మంచం కమ్మీకి కట్టేసేది. కొన్నాళ్ళకి ఎడమచేతిని కూడా కట్టింది. పడిపోయిన చేతిని ఎందుకు కట్టాలని హేరన్ అడిగితే, రెండూ కడితేనే మంచం చూడ్డానికి ఒద్దికగా ఉంటుందందట.

"అమ్మ నన్నేం అడిగిందో తెలుసా?" అంది హేరన్, అద్దంలో నన్ను చూస్తూ. "ఇంటికి తీసుకెళ్ళమనలేదు. ముక్కు దురదగా ఉందే, కాస్త గోకవే అంది. ఎన్నాళ్ళ నుంచి దురదో. పక్క తడిసిందేమమ్మా అంటే, బాత్‌రూముకి పోవాలని ఆయాని అడిగాను, ఆవిడ రాదు, డైపరు ఉందిగా అందులోనే కానీ అంటుంది, అంది. మా అమ్మ బట్టలు ఇస్త్రీ లేకుండా బజారుకి రాని మనిషి."

తల్లి ఆ చలికాలంలోనే పోయింది. మణికట్ల మీద కమిలిన చారలతోనే పంపించారు. హేరన్ పోలీసులకి ఫిర్యాదు చేసింది. అవి సూదుల మచ్చలని ఆశ్రమం వాళ్ళు చెప్పారు. కెమెరాలో పాత దృశ్యాలు చెరిగిపోయాయన్నారు. ఆయాని పిలిచి అడిగితే ఎవరినీ కట్టలేదంది, అంతే. సాక్ష్యం లేదని కేసు మూసేశారు. ఆయా ఉద్యోగం మానేసి ఎక్కడికో పోయింది. రెండేళ్ళ తర్వాత కూడలిలో ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు, హేరన్ తలెత్తి చూస్తే ఆ మొహం బ్యానరు మీద నవ్వుతూ, ఒక ముసలాయనకి గిన్నె అందిస్తూ కనబడింది.

ఆశ్రమంలోనూ, ఫిర్యాదు నాడూ హేరన్ ముఖానికి మాస్కు ఉండేది. అందుకే జహెసిమ్ గుర్తుపట్టలేదు. నిజానికి గుర్తుపడుతుందేమోనని హేరన్ మొదటిరోజు భయపడిందట. గుర్తుపట్టకపోయేసరికి ఇంకా మండింది.

ప్రతి శనివారం వచ్చేది. ముల్లంగి తరిగేది, కాగితపు తామరరేకులు మెలిపెట్టి లాంతర్లకి అతికించేది. కుట్టుపని చేసిన వేళ్ళు కదా, మా అందరికంటే చక్కగా వచ్చేవి. జహెసిమ్‌కి ఆమె అంటే ముద్దు. "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావే" అని వీపు మీద చరిచేది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే నాకు కాస్త అసూయ కూడా కలిగింది.

"మీరు ఇంతకుముందు ఏం చేసేవాళ్ళు అక్కా?" అని ఒకరోజు హేరన్ అడిగింది. నేను గిన్నెలు తుడుస్తున్నాను.

"పెద్దవాళ్ళని చూసుకునేదాన్ని."

"కష్టమైన పనే."

"కష్టమా? నా చేతికింద ఒక్కరికి వీపు పుండు పడలేదు, తెలుసా. ఇప్పటి పిల్లలు వస్తారు, ఫోను చూస్తూ కూర్చుంటారు. సోమరితనం. నన్ను ఏమైనా అను, దొంగ అను, పడతాను. సోమరి అంటే మాత్రం ఊరుకోను."

"అలా ఎవరంటారక్కా మిమ్మల్ని" అంది హేరన్, ముల్లంగి తరుగుతూనే.

బుద్ధుడి పుట్టినరోజు దగ్గరపడింది. ఏటి ఒడ్డున లాంతర్లు కట్టడానికి మధ్యాహ్నం భోజనాలు కాగానే అందరం బయలుదేరాం. మోకాలి వల్ల జహెసిమ్ రాలేనంది. "నేను తోడుంటాను, మీరు వెళ్ళండి" అని హేరన్ ఆగిపోయింది. సునిమ్ ఆమెకి చేతులు జోడించి, మంచిదమ్మా అన్నారు.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. ఇద్దరి నోటా విడివిడిగా, గొడవంతా ముగిశాక విన్నాను. ఎవరు దేనికి ఏమన్నారన్న దాంట్లో ఇద్దరి మాటా దాదాపు ఒక్కటే, అందుకే నమ్ముతున్నాను.

వంటగదిలో జహెసిమ్ చేతుల కుర్చీలో కూర్చుని మోకాలికి వేడినీళ్ళ సంచి పెట్టుకుంది. హేరన్ తలుపు గడియ పెట్టి వచ్చి, ఎదురుగా నిలబడి, తల్లి పేరు చెప్పింది.

"ఎవరావిడ?" అంది జహెసిమ్.

"కొండ పక్క ఆశ్రమం. కిటికీ పక్క మంచం. రెండు చేతులూ కట్టావు."

జహెసిమ్ కాసేపు ఆమెని తేరిపార చూసిందట. అప్పుడు ఆనవాలు తెలిసింది. "ఓహో. గొట్టం పీకే ముసలమ్మ కూతురివా? అయితే ఇన్ని నెలలూ నా వంటగదిలో కూర్చుని నాటకమాడావన్నమాట."

"ఆడాను."

"ఇప్పుడేం కావాలి? కాళ్ళు పట్టుకోవాలా? పట్టుకోను. గొట్టం పీకితే తిండి ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చేది మీ అమ్మ. అప్పుడు నన్నే అడిగేదానివి, ఎందుకు చూసుకోలేదని. వార్డు నిండా మనుషులు, నేనొక్కదాన్ని. నువ్వు ఆదివారం పూట పండ్లు పట్టుకొచ్చి, తల నిమిరి, బస్సెక్కి పోయేదానివి. మిగతా రోజులు ఆవిడ మలం ఎత్తింది ఎవరు?"

ఆ మాట తగిలిందని హేరన్ నాతో ఒప్పుకుంది. కానీ వెనక్కి తగ్గలేదు.

"అయితే కట్టడం తప్పు కాదంటావు."

"కాదు. హాయిగా పడుకునేవాళ్ళు."

"హాయి అయితే నువ్వూ కూర్చో చూద్దాం. వాళ్ళొచ్చే దాకా." హేరన్ సంచిలోంచి నూలు పట్టీలు తీసింది. పరుపుల అంచులకి కుట్టే తెల్లటి మెత్తటి పట్టీలు. "ఏమీ కాదుగా?"

కేకలేస్తే కింద పళ్ళ డాక్టరుకి వినబడేది. కుంటుకుంటూనైనా లేచి పోవచ్చు. జహెసిమ్ అవేవీ చేయలేదు. ఆవిడ స్వభావం అలాంటిది. "కట్టవే. నేనేం పసిపిల్లనా?" అని రెండు చేతులూ ముందుకి చాపింది.

హేరన్ కుర్చీ చేతులకి ఆ చేతులు కట్టి, ఎదురుగా బల్ల వేసుకుని కూర్చుంది. మొదట్లో జహెసిమ్ హేళన చేసింది. "నీ ముడి కంటే నాది నయం. నీది జారిపోతుంది" అంది. హేరన్ ఇంకొంచెం బిగించింది. జహెసిమ్ జేబులో ఫోను మోగి మోగి ఆగిపోయింది. వేడినీళ్ళ సంచి ఒళ్ళోంచి జారి కింద పడింది. చెంప మీద ఈగ వాలితే తల విదిలించింది. అది మళ్ళీ వచ్చి ముక్కు మీద వాలింది.

"దాన్ని తోలు."

హేరన్ కదల్లేదు.

"నిన్నే. ముక్కు దురద పెడుతోంది."

"తెలుసు" అంది హేరన్.

మరికాసేపటికి జహెసిమ్ కుర్చీలో మెసలడం మొదలుపెట్టింది. ముందు మామూలుగా అడిగింది, తర్వాత గదమాయించింది. చివరికి, "చెల్లీ, విప్పమ్మా. బాత్‌రూముకి పోవాలి. ఈ వయసులో ఆపుకోలేనే" అంది. గొంతు మారిపోయిందట. ఆ గొంతు తనకి తెలుసునని హేరన్ అంది. తల్లి అచ్చంగా అలాగే అడిగేదని.

"ఇక్కడ డైపరు కూడా లేదు" అంది హేరన్. "అందులోనే కానీ."

విప్పలేదు. అంతా అయ్యే దాకా చూస్తూ కూర్చుంది. బట్టలు తడిసి నేల మీదికి పారింది. జహెసిమ్ మొహం గోడవైపు తిప్పుకుంది, ఏడవలేదు. అప్పుడు హేరన్ లేచి ముడులు విప్పి, మందిరంలో వాడే బూడిదరంగు పైజామా తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. నేల మాత్రం తుడవలేదు.

"జాలేయలేదా నీకు?" అని పార్లరులో అడిగాను.

"వేసింది. అయినా విప్పబుద్ధి కాలేదు" అంది. "అబద్ధం ఎందుకు, నాకు ఆ క్షణం చాలా బాగుంది."

మేము తిరిగొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. గడియ తీసింది హేరనే. వంటగదిలో వాసన, నేల మీద తడి. పైజామా మార్చుకున్న జహెసిమ్ గోడ పట్టుకుని నిలబడి ఉంది. "టీ ఒలికింది, జాగ్రత్త" అంది మాతో.

"టీ కాదు" అంది హేరన్. "నేను ఈమె చేతులు కట్టేశాను. బాత్‌రూముకి పోనివ్వలేదు. ఎందుకో ఆమెనే అడగండి."

సునిమ్ జహెసిమ్ దగ్గరికి వెళ్ళి చేతులు పట్టుకుని చూశారు. రెండు మణికట్ల చుట్టూ ఎర్రటి చారలు తేలాయి.

"ఏమిటమ్మా ఇది?"

"ఈవిడకి మతి పోయింది సునిమ్. తల్లి పోయిన దిగులుతో, కొండ పక్క ఆశ్రమంలో ఆవిడని కట్టేసింది నేనే అనుకుంటోంది. ఆ ఆశ్రమం మొహం కూడా నేను చూడలేదు."

మేము జహెసిమ్‌నే నమ్మాం. నేనూ నమ్మాను. రెండేళ్ళుగా ఆమె చేతి వంట తిన్నవాళ్ళం, హేరన్‌ది చూస్తే మూణ్ణెల్ల పరిచయం. పైగా దెబ్బలు కనబడుతున్నది జహెసిమ్ చేతుల మీద. ఒకావిడ హేరన్ బూట్లు తీసి మెట్ల మీదికి విసిరేసింది. "బుద్ధుడి ముందు ఇంత పాపమా? బయటికి పో" అంది. హేరన్ నిదానంగా వంగి బూట్లు వేసుకుంది. ఒక్కొక్క ముడీ శుభ్రంగా కట్టుకుంది. పోతూ పోతూ, "ఆవిడ కొడుకు ఎక్కడ పనిచేస్తాడో నాకు తెలుసు, నేనే ఫోను చేసి చెబుతాను" అంది. మేం దాన్ని బెదిరింపు అనుకున్నాం.

అది బెదిరింపు కాదు. అసలు పని అదే. ఆ రోజే కొడుక్కి ఫోను చేసి, నీ తల్లిని నేనే కట్టేశాను, నా పేరు ఇది, కొట్టు ఇక్కడ అని చెప్పింది. కొడుకు కోపిష్టి. తల్లి వద్దురా, వదిలెయ్యరా అని ఎంత మొత్తుకున్నా వినకుండా పోలీసుల దగ్గరికి పోయాడు. జహెసిమ్ కేసు వద్దంటోందని విని మేమందరం, ఎంత పెద్ద మనసు అనుకున్నాం.

కోర్టు రోజున మందిరం నుంచి చాలామందిమి వెళ్ళాం, జహెసిమ్ పక్షాన. హేరన్ చేసిందంతా ఒప్పేసుకుంది. కాకపోతే ఆమె వకీలు, సన్నటి కుర్రాడు, జహెసిమ్‌ని ప్రశ్నలు అడగాలన్నాడు. ప్రమాణం చేయించి సాక్షి బోనులో కూర్చోబెట్టారు.

ఆశ్రమంలో పనిచేశారా అంటే చేశానని ఒప్పుకుంది. మా వరుసలో గుసగుసలు పుట్టాయి. ఆ ఆశ్రమం మొహమే చూడలేదంది కదా మాతో. ఎవరినైనా కట్టారా అంటే లేదంది. చేతులు మీరే చాపారట కదా అంటే, లేదు, బలవంతంగా కట్టిందంది. బాగానే తట్టుకుంటోంది. అప్పుడు వకీలు కాగితాలు మూసేసి, మామూలు గొంతుతో అన్నాడు. "మీతో పనిచేసినవాళ్ళని అడిగాం. మీరు సోమరి అన్నారు. రాత్రిపూట పడుకోవడానికే పని ఎగ్గొట్టేవారట."

జహెసిమ్ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"ఎవరన్నారా మాట?"

"అది అవసరం లేదు. సోమరితనం వల్లే కదా ముసలివాళ్ళని పట్టించుకోలేదు?"

"సోమరినా? నేనా?" ఆమె గొంతు హాలంతా మోగింది. "తెల్లవార్లూ కునుకు లేకుండా ఒక్కొక్కరినీ పక్క తిప్పిన మనిషిని నేను. కట్టకపోతే గొట్టాలు పీక్కుని చచ్చేవాళ్ళు. కట్టాను కాబట్టే బతికారు. నేనొక్కదాన్నే కాదు, అందరం కట్టాం. పట్టీలు ఆఫీసు వాళ్ళే ఇచ్చేవాళ్ళు. నన్ను సోమరి అంటావా నువ్వు?"

కిటికీ బయట ఎవరో చీపురుతో ఊడుస్తున్న చప్పుడు వినబడింది. ఏమన్నానో ఆమెకి ఆలస్యంగా తెలిసింది. మా వైపు చూసింది. మాలో కొందరు తలలు దించుకున్నారు. కొడుకు లేచి బయటికి పోయాడు.

"ఆ వార్డులో కిటికీ పక్కనున్నావిడని కూడానా?" అన్నాడు వకీలు.

"అవును" అంది జహెసిమ్. ఈసారి మెల్లగా.

సోమరి అను, అదొక్కటే తట్టుకోలేదు అని వకీలుకి చెప్పింది హేరనే. ముల్లంగి తరుగుతూ విన్నది ఊరికే వినలేదు. తను ఫిర్యాదు చేస్తే ఒకసారి మూసేశారు. అదే తను నేరం చేసి దొరికిపోతే, ఎందుకు చేశావని అడగక తప్పదు, ఆ మనిషిని పిలిచి ప్రమాణం చేయించక తప్పదు. కట్టేటప్పుడే ఇదంతా ఆలోచించుకుంది. "జైలుకి పోయినా సరే అనుకున్నాను" అంది నాతో. జైలుకి పోలేదు. శిక్ష వేసి, మళ్ళీ తప్పు చేయనంతవరకూ అమలు ఆపారు. ఆమె పేరు మీద నేరం నిలబడింది. ఆశ్రమం మీద కొత్తగా విచారణ మొదలైంది. తలుపులకి తాళం పడింది. వృద్ధులని వేరే చోట్లకి పంపించారు.

తీర్పు రోజున కోర్టు గుమ్మం దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. నేను పక్కనే ఉన్నాను.

"మీ అమ్మా నీలాంటిదే. మొండిది" అంది జహెసిమ్.

"అవును" అంది హేరన్. "ఆ మొండితనాన్ని విరగ్గొట్టలేకే కట్టావు."

జహెసిమ్ కుంటుకుంటూ ఒంటరిగానే బస్‌స్టాపు వైపు పోయింది. ఇప్పుడు వేరే ఊళ్ళో ఉంటోందని విన్నాం. మా వంటగదికి మళ్ళీ రాలేదు. ఆమె గిన్నెలు ఎవరమూ కదపలేదు కొన్నాళ్ళు. తర్వాత ఎవరో కదిపారు.

ఎండాకాలం మధ్యలో సునిమ్ స్వయంగా హేరన్ కొట్టుకి వెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. హేరన్ నేల మీద పరుపు పరిచి దూది సర్దుతోంది. లేచి నిలబడింది కానీ మొక్కలేదు.

"రమ్మని పిలవడానికి వచ్చాను" అన్నారు సునిమ్.

"నేను మీ దగ్గరికి భక్తితో రాలేదు సునిమ్. పగతో వచ్చాను."

"తెలుసు. ఇప్పుడెలా ఉంది?"

హేరన్ ఆలోచించి చెప్పింది. "పశ్చాత్తాపం ఉందేమో అని వెతుక్కున్నాను. లేదు. అమ్మ పోయాక నాకు తిండి సహించేది కాదు. ఆవిడ అవును అన్న రోజున కోర్టు ఎదురుగా ఉన్న హోటల్లో గోధుమ నూడుల్స్ పెద్ద గిన్నె తిన్నాను. చారు కూడా మిగల్చలేదు. ఇంకో గిన్నె తెప్పించుకున్నాను."

సునిమ్ మందలించలేదు, మెచ్చుకోనూ లేదు. "శనివారం సొరకాయ పులుసు చేస్తున్నాం" అని మాత్రం అన్నారు.

ఆ శనివారం హేరన్ రాలేదు. తర్వాతి శనివారమూ రాలేదు. వానలు మొదలయ్యాక ఒకనాడు వచ్చి, చివరి వరుసలో కూర్చుంది. ఆమె పక్కన చాపలు రెండువైపులా ఖాళీగానే ఉండిపోయాయి. బూట్లు విసిరేసినావిడ ఆమెని చూసి వెళ్ళి బుద్ధుడి ముందు ధూపం సర్దుతున్నట్టు నటించింది. హేరన్ దేన్నీ పట్టించుకోలేదు. మొక్కడం అయ్యాక గొడుగు తీసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా మెట్లు దిగిపోయింది. నేను నా చాప ఎత్తి మడతపెట్టాను, వచ్చేవారం ఎప్పటిచోటే వేసుకోవాలా, ఆ చివరి వరుసలోనా అని ఆలోచిస్తూ.